సేల్ ముందు రెజెక్స్ ముట్టుకునేవాళ్లకి జాగ్రత్తలు

దసరా సేల్ రిలీజ్ దగ్గరకొచ్చింది కాబట్టి పోయిన వారం మా బెంగళూరు బెల్లందూరు ఆఫీసులో జరిగింది చెప్తా. రెజెక్స్ అంటే టెక్స్ట్‌లో ఒక నమూనాని వెతికే రాత, ఎలా రాయాలో మీకు తెలుసు, అది వదిలేస్తున్నా.

జావా కోడ్. లైన్‌లో పిన్‌కోడ్ ఉండే ఆరు అక్షరాలకి రీజియన్ (ఇంతవరకే వెతుకు అని గీసే హద్దు) పెట్టి, నమూనాకి రెండు వైపులా బ్యాక్‌స్లాష్ బి (\b, పదం అంచు గుర్తు; కింద ఉత్త "బి" అంటే ఇదే) తగిలించి, 560తో మొదలయ్యే ఆరంకెల కోసం చూస్తున్నాం. ఫైల్ పంపేవాళ్లు చెప్పాపెట్టకుండా మధ్యలో కొత్త కాలమ్ ఒకటి ఇరికించారు, మా రీజియన్ పోయి ఆర్డర్ నంబర్ మధ్యలో పడింది. ఆ నంబర్ 7756010342, మధ్య ముక్క 560103, అచ్చం మా బెల్లందూరు పిన్‌కోడ్! ముందు 77, వెనక 42 ఉన్నాయి కదా, బి ఒప్పుకోదనుకుంటాం. ఒప్పేసుకుంది. ఆ పూట వంద దాకా ఆర్డర్లు 77560103తో మొదలయ్యేవే, మా ఖర్మ, వైట్‌ఫీల్డ్ 560066కి పోవాల్సినవి కూడా మా వీధికొచ్చి పడ్డాయి. "ఏంటి బాబూ, ఊరంతా మన పక్కింటోళ్లేనా" అన్నాడు మా లీడ్.

రీజియన్ పెడితే హద్దులు డిఫాల్ట్‌గా ఒపేక్, అంటే అవతల కనబడని గోడలు. బి గానీ, ముందూ వెనకా ఏముందో చూసే లుక్‌ఎహెడ్, లుక్‌బిహైండ్ గానీ దాని బయటికి చూడవు, ముక్క అంచునే టెక్స్ట్ అంచు అనుకుంటాయి. యూజ్‌ట్రాన్స్‌పరెంట్‌బౌండ్స్ ట్రూ చేస్తే ముందున్న 7 కనబడి మ్యాచ్ ఆగుద్ది. మళ్లీ చెప్తున్నా, రీజియన్ పెట్టాక బి గోడ అవతల చూడదు, మీరు చూడమంటేనే చూస్తది.

మొదలు, చివర చూసే ^, $ లది వేరే స్విచ్, యాంకరింగ్ బౌండ్స్. అది డిఫాల్ట్‌గా ట్రూ, అందుకే ^ రీజియన్ మొదట్లోనే మ్యాచ్ అయిపోద్ది. అసలు టెక్స్ట్ మొదలే కావాలంటే ఫాల్స్ చెయ్యాలి. ఒకటి మార్చి రెండోదీ మారిందనుకున్నవాళ్లని ముగ్గుర్ని చూశా, అందులో నేనొకణ్ణి.

ఇక మిగతావి గబగబా.

- రీసెట్ కొడితే రీజియన్ పోద్ది, ఈ రెండు సెట్టింగులు మాత్రం పోవు. లూప్‌లో ఒకే మ్యాచర్ (జావాలో వెతికే ఆబ్జెక్ట్) తిప్పేవాళ్లు చూసుకోండి.
- పైథాన్ అలవాటు జావాకి తేవద్దు, అక్కడ సెర్చ్‌కి పొజిషన్ ఇచ్చినా ^ అసలు స్ట్రింగ్ మొదటే చూసుకుంటది.
- పైథాన్ $ చివరి న్యూలైన్ ముందు కూడా సరే అంటది. ఇన్‌పుట్ సరైందో కాదో చూడ్డానికి, మొత్తం స్ట్రింగ్‌ని సరిపోల్చే ఫుల్‌మ్యాచ్ వాడండి.
- రూబీలో ^, $ ప్రతి లైన్‌కీ పనిచేస్తాయి. ఇన్‌పుట్ చెకింగ్‌కి వాడొద్దు.
- తెలుగు పేర్ల మీద బి వద్దు. పైథాన్ రీ (re) మాడ్యూల్‌కి గుణింతం గుర్తు అక్షరం లెక్కలోకి రాదు, "రమ" అని వెతికితే "రమేష్"లో దొరుకుద్ది.
- జావా 19 నుంచి బి డిఫాల్ట్‌గా ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు) వరకే. వెర్షన్ మారిస్తే టెస్టులన్నీ మళ్లీ.
- శుక్రవారం సాయంత్రం రెజెక్స్ మార్పుల్ని మెయిన్ కోడ్‌లో మెర్జ్ చెయ్యొద్దు.
- రీజియన్ పెట్టాక బి గోడ అవతల చూడదు, మూడోసారి.
- ముందొక అంకె, వెనకొక అంకె తగిలించి ఒక టెస్ట్ రాయండి, ఇవాళే. మ్యాచ్ అయిందా, రిలీజ్ ఆపెయ్యండి.