హైబ్రిడ్ కారు స్టార్ట్ కాలేదా? వేరే బ్యాటరీ నుంచి కేబుల్ పెట్టి స్టార్ట్ చేసే (జంప్ స్టార్ట్) ముందు జాగ్రత్తలు

• చాలాసార్లు తప్పు పెద్ద బ్యాటరీది కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీది. దయచేసి నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం వెళ్లకండి. ప్రియస్ లాంటి కార్లలో వాటిలో 200 వోల్టులకు పైనే ఉంటుంది, ప్రాణం పోవచ్చు.

• గేర్ పార్కింగ్‌లో పెట్టి లైట్లు, ఏసీ ఆపేయండి.

• బ్యాటరీ ఉబ్బినా, కారుతున్నా జంప్ స్టార్ట్ వద్దు, మెకానిక్‌ను పిలవండి.

• దగ్గర్లో సిగరెట్ వద్దు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. ఉంగరం, వాచీ తీసేయండి.

• ఎర్ర కేబుల్ ప్లస్‌కే. నల్లదాని రెండో కొన చివరగా, మీ కారు బ్యాటరీకి దూరంగా, రంగు వేయని లోహపు భాగానికి. టెన్షన్‌లో తారుమారైతే ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు, ఆ ఖర్చు చాలా ఎక్కువ. రెండుసార్లు చూసుకోండి.

• మీ హైబ్రిడ్‌తో వేరేవాళ్ల కారును స్టార్ట్ చేయించకండి.