రాజనీతి శాస్త్రం కొత్తగా చదివేవారు ఏవి, ఏ వరుసలో చదవాలి

డిగ్రీలో రాజనీతి శాస్త్రం తీసుకున్న విద్యార్థులలో చాలామంది పోటీ పరీక్షల గైడ్లతోనే చదువు మొదలుపెడతారు. ఆ గైడ్లలో ప్లేటో, హాబ్స్, అంబేడ్కర్ వంటి రాజకీయ చింతకులు తలా నాలుగైదు పాయింట్లుగా కుదించుకుపోయి ఉంటారు. ఆ మాటలు ఎవరికి జవాబుగా, ఏ ప్రశ్న మీద పుట్టాయో అక్కడ కనిపించదు. ఈ శాస్త్రంలో అసలు పని వాదనను పట్టుకోవడమే కనుక, గైడ్లను పరీక్ష దగ్గరపడే వరకు పక్కన ఉంచడం మేలు.

పునాదికి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కోసం ప్రచురించిన రెండు పుస్తకాలు చాలు: ఒకటి రాజకీయ సిద్ధాంతం మీద, మరొకటి భారత రాజ్యాంగం పనిచేసే తీరు మీద. స్వేచ్ఛ, సమానత్వం, సామాజిక న్యాయం, హక్కులు, లౌకికవాదం వంటి భావనలను ఉదాహరణలతో విడమరచిన ఆ పుస్తకాలు సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు మాధ్యమం వారు తెలుగు అకాడమీ పుస్తకాలను, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్యాంశాలను పక్కన పెట్టుకుంటే పరిభాష దగ్గర తడబాటు ఉండదు. ఇంగ్లీషులో ఇంకొంచెం లోతుకు వెళ్లదలచినవారికి ఇగ్నో వారి ఆన్‌లైన్ పాఠాల భాండాగారం ఈ-జ్ఞాన్‌కోశ్‌లో బీఏ, ఎంఏ పాఠాలు యూనిట్ల వారీగా ఉన్నాయి.

పునాది పడ్డాక మూలగ్రంథానికి వెళ్లాలి. మన విద్యార్థికి అన్నిటికన్నా దగ్గరి మూలం రాజ్యాంగ సభ చర్చలు. అవి లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. వరుసగా చదవబోతే మధ్యలోనే ఆగిపోతారు, అందుచేత ఒకే ప్రశ్న వెంట నడవాలి. ఉదాహరణకు, 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందుంచుతూ అంబేడ్కర్, గ్రామాన్ని అజ్ఞానానికీ సంకుచితత్వానికీ మతతత్వానికీ నెలవుగా వర్ణించి, ముసాయిదా గ్రామాన్ని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం ప్రకటించారు. ఆ తర్వాతి రోజుల్లో ఎన్.జి. రంగా వంటి సభ్యులు ఆ మాటలను ఆక్షేపించారు. నవంబర్ 22న గ్రామ పంచాయతీల కోసం కె. సంతానం ప్రతిపాదించిన సవరణను అంబేడ్కర్ అంగీకరించగా, టంగుటూరి ప్రకాశం దానిని సమర్థిస్తూ మాట్లాడారు; అదే నేటి 40వ అధికరణం. అయితే అది న్యాయస్థానం ద్వారా అమలు చేయించుకోలేని ఆదేశిక సూత్రంగానే చేరింది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా దక్కింది 1992 నాటి 73వ సవరణతోనే. ఈ రెండు తేదీల చర్చలు చదివినవారికి, రాజ్యానికి మూల ప్రమాణం వ్యక్తా, సమూహమా అనే తాత్విక ప్రశ్న సభలోని మనుషుల నోటనే వినిపిస్తుంది.

ఆ తర్వాత చదవదగినది అంబేడ్కర్ 1936 నాటి రచన ‘కులనిర్మూలన’. దాని రెండవ కూర్పులో గాంధీ విమర్శ, దానికి అంబేడ్కర్ ఇచ్చిన సమాధానం కూడా చేర్చారు కనుక వాదప్రతివాదాలు ఒకేచోట దొరుకుతాయి. తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

పాశ్చాత్య రచనల్లో ప్లేటో ‘అపాలజీ’, ‘క్రీటో’ చిన్నవి, సులువైనవి. వాటిని చదివాకే యేల్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ స్మిత్ చెప్పిన ఉచిత వీడియో పాఠాలు వినాలి; ముందే వింటే ఆయన అభిప్రాయమే మన అభిప్రాయమై కూర్చుంటుంది. హాబ్స్, లాక్‌ల పాత ఇంగ్లీషు కొరుకుడు పడనివారికి జొనాథన్ బెన్నెట్ సరళం చేసిన పాఠాలు ‘ఎర్లీ మోడర్న్ టెక్స్ట్స్’ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. జాన్ స్టువర్ట్ మిల్ 1859లో ప్రచురించిన ‘ఆన్ లిబర్టీ’లో మొదట రెండవ అధ్యాయం చదివినా నష్టం లేదు. స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం ఎంత ప్రామాణికమైనదైనా మొదటి సంవత్సరం వారికి బరువే. ఒక్కో వ్యాసంలో తొలి భాగం, చివరి గ్రంథసూచి చూసి ప్రస్తుతానికి వదిలేయవచ్చు.

ఏది చదివినా ఒక పేజీకి మించకుండా నాలుగు విషయాలు సొంత మాటల్లో రాసిపెట్టుకోవాలి: రచయిత ఎత్తుకున్న ప్రశ్న, ఇచ్చిన జవాబు, చూపిన కారణాలు, ఖండిస్తున్న పక్షం. నాలుగోది రాయలేకపోతే ఆ భాగాన్ని మళ్లీ చదవవలసిందే. ఇలా కొన్ని గ్రంథాలు పూర్తయ్యాక, చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ వెబ్‌సైట్‌లో పార్లమెంటు ముందున్న ఒక బిల్లు సారాంశం తీసుకుని, దానిపై వచ్చిన అభ్యంతరాలను కూడా ఇదే పద్ధతిలో ఒక పేజీలో రాయవచ్చు.