ఐసీయూ రక్తం చదవడం – 5వ పాఠం: లింఫోసైట్లు పెరిగాయన్నారు, ఎక్కడ?

ఈసారి మోనోసైట్లు (తెల్లకణాల్లో ఒక రకం; న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ కూడా అలాంటివే) చెబుతానని మాటిచ్చాను. కుదరదు. నాలుగో పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక, ఆ గుంత పూడ్చకుండా బండి ముందుకు పోదని తెలిసిపోయింది. మోనోసైట్లకు చివర్లో నాలుగు మాటలు మిగిలితే అదృష్టం.

లెక్క గుర్తుందిగా. ఆలూరు వైపు రైతు, 54 ఏళ్లు (ఊరు, వయసు మార్చాను). పత్తికట్టె పీకుతుంటే కాల్లో ముల్లు దిగింది. షుగర్ ఉంది. వారం రోజులు పసుపు పట్టీలతో నెట్టుకొచ్చాడు. మోకాలి దాకా వాచి, బీపీ పడిపోయాక కర్నూలు తీసుకొచ్చారు. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ మీద ఒళ్ళు అదుపు తప్పి తిరగబడి సొంత అవయవాలనే దెబ్బతీయడం. ఐసీయూలో మొదటి రోజు మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు మొత్తం 24,000. అందులో న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్స్ 6, మోనోసైట్స్ 6. నాలుగో రోజు మొత్తం 9,000. న్యూట్రోఫిల్స్ 84, లింఫోసైట్స్ 8, మోనోసైట్స్ 8. రోగనిరోధక కణాలు కోలుకుంటున్నాయా, లేదా? ఇదీ ప్రశ్న.

సగానికి పైగా జవాబుల్లో ఒకటే పాట. "మొత్తం కౌంటు నార్మల్‌కు వచ్చింది. లింఫోసైట్లు 6 నుంచి 8కి పెరిగాయి. కోలుకుంటున్నాడు." ఒకరైతే తన జవాబు పక్కన తానే టిక్కు కూడా పెట్టుకున్నారు.

గుణించండి. 24,000లో 6 శాతం అంటే 1,440. 9,000లో 8 శాతం అంటే 720. నాలుగో రోజుకల్లా లింఫోసైట్లు సగానికి సగం పడిపోయాయి. మీరేమో పెరిగాయని రాశారు.

నేను కాగితం మీద కూడా వేయను. మొత్తం కౌంటులో చివరి రెండు సున్నాలు కొట్టేసి శాతంతో గుణిస్తాను. 240 ఆర్లు, 90 ఎనిమిదులు. మీరు జేబులోంచి ఫోన్ తీసేలోగా అయిపోతుంది.

ఇంకా నమ్మకం కుదరని వాళ్ళు మా మార్కెట్ యార్డుకు రండి. పొద్దున షెడ్డు కింద 94 బస్తాల ఉల్లిగడ్డలు, 6 బస్తాల మిరపకాయలు ఉన్నాయనుకోండి. మిరప వాటా 6 శాతం. సాయంత్రానికి ఉల్లి చాలావరకు లారీలకెక్కింది, 33 బస్తాలు మిగిలాయి. మిరప 3 మిగిలాయి. 36లో 3 అంటే 8 శాతం పైమాటే. మిరప వాటా పెరిగింది. మిరప పెరిగిందా? గుమస్తాను అడిగితే నవ్వుతాడు. రిపోర్టులో శాతం చూసి లింఫోసైట్లు పెరిగాయనడం కూడా అచ్చంగా ఇంతే. పక్కనున్న ఉల్లి కదిలినప్పుడల్లా మిరప వాటా కదులుతుంది, దాని బస్తాలతో పని లేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణలూ ఉన్నాయి. కాన్పు తరవాత గర్భసంచికి ఇన్ఫెక్షన్ పాకి వచ్చిన ఒకామెకు మొత్తం 32,000, లింఫోసైట్స్ 4 శాతం. మెషిన్ ఆ 4 పక్కన ఎర్ర అక్షరం వేసింది, నైట్ డ్యూటీ సిస్టర్ కంగారుపడి ఫోన్ చేసింది. లెక్కేస్తే 1,280, పెద్దవాళ్ళకు ఉండాల్సిన 1,000 పైనే ఉంది. మరొకాయనకు మొత్తం 2,800, లింఫోసైట్స్ 30 శాతం. మామూలుగా ఉండాల్సిన 20కీ 40కీ నడుమ ఉంది కాబట్టి ఏ ఎర్ర గుర్తూ లేదు, ఎవరూ ఫోన్ చేయలేదు. లెక్కేస్తే 840. భయపడాల్సింది రెండోదానికి.

ఇందుకే మా ల్యాబ్‌లో ఐసీయూ రిపోర్టుల మీద శాతం గడిని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సంఖ్య వేస్తాను. ఇది నా చాదస్తం, రూలు కాదు. ఈమధ్య చాలా మెషిన్లు సంఖ్యను కూడా అచ్చు వేస్తున్నాయి. అచ్చు వేసినా మన కన్ను శాతం మీదికే పోతుంది, ఎందుకో.

ఆ రైతు విషయానికి వస్తే, నాలుగో రోజు మధ్యాహ్నం ఐసీయూ బయట వరండాలో ఆయన బామ్మర్ది నన్ను ఆపాడు. చేతిలో రెండు రిపోర్టులూ ఒకదాని మీద ఒకటి పట్టుకుని, బొటనవేలితో మొత్తం కౌంటు గడి మీద నొక్కి చూపించాడు. "కౌంటు తగ్గిండాది గదా సార్, ఇంగ గండం గడిచినట్టేనా?" చదువుకున్న మీరే బోల్తా పడ్డ చోట ఆయన పడటంలో వింతేముంది. "డాక్టరు గారిని అడగన్నా" అని తప్పించుకున్నాను. ల్యాబ్ వాడు చెప్పాల్సిన మాట కాదది. కానీ నా మొహంలో ఏం కనిపించిందో, ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పదకొండో రోజు ఊపిరి గొట్టంలోంచి లాగిన కఫంలో అసినెటోబాక్టర్ అనే మొండి ఆసుపత్రి బాక్టీరియా పెరిగింది. కాలు మానుతున్న మనిషికి ఊపిరితిత్తుల్లో కొత్త ఇన్ఫెక్షన్.

ఇప్పుడొక ఒప్పుకోలు. నంద్యాల నుంచి ఒక చెల్లెమ్మ మాత్రం జవాబు రాయకుండా ఎదురు ప్రశ్న వేసింది: "సార్, చేత్తో వంద కణాలు లెక్కపెడితే 6కీ 8కీ తేడా ఉన్నట్టా?" శభాష్. ఆ అంకెలు మెషిన్‌వని, అది వేల కణాలు లెక్కపెడుతుందని నేను చెప్పలేదు. తప్పు నాది. చేత్తో వంద కణాలు లెక్కపెట్టి 6 లింఫోసైట్లు చూస్తే, అసలు విలువ 2 నుంచి 12 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 24,000తో గుణిస్తే 480 నుంచి 2,880 దాకా! అలాంటి అంకె మీద ఎవరూ ఏమీ చెప్పలేరు. అందుకే సెప్సిస్ స్లైడ్ చేత్తో లెక్కపెట్టాల్సి వస్తే 200 కణాలకు తక్కువ ఒప్పుకోను. స్లైడ్ తోక (రక్తం పూత పలచబడే కొస) దగ్గరా అంచుల దగ్గరా న్యూట్రోఫిల్స్, మోనోసైట్స్ పోగవుతాయి, లింఫోసైట్స్ నడుమ మిగులుతాయి. తోకలోనే తిరిగితే లేని లింఫోసైట్ కొరతను మీరే పుట్టిస్తారు. అంచు నుంచి లోపలికి, మళ్ళీ అంచుకు, కోట బురుజు పళ్ళలా మెట్లు మెట్లుగా కదలండి. కొండారెడ్డి బురుజు చూసినవాళ్ళకు వేరే బొమ్మ గీయక్కర్లేదు.

రక్తం తీయడం, స్లైడ్ మీద పూత, కణాలు కనిపించేలా వేసే లీష్మన్ రంగు మళ్ళీ చెప్పను. రెండో పాఠంలో ఉన్నాయి.

అసలీ లింఫోసైట్లు ఎటుపోతున్నాయి? కొన్ని రక్తం వదిలి కణజాలంలోకి వెళతాయి. చాలావరకు చచ్చిపోతాయి. సూక్ష్మజీవి వచ్చి చంపడం కాదు, కణం తన చావు తానే చస్తుంది. దాన్నే అపోప్టోసిస్ అంటారు. లింఫోసైట్లలో సీడీ4 టీ కణాలు, బీ కణాలు ఎక్కువగా పోతాయి. లింఫోసైట్లు కాకపోయినా డెండ్రైటిక్ కణాలూ అలాగే పోతాయి. అదే రక్తంలో న్యూట్రోఫిల్ మాత్రం దీనికి పూర్తిగా ఎదురు నడుస్తుంది. మామూలుగా ఒక రోజు కూడా నిలవని కణం చావును వాయిదా వేసుకుంటుంది. ఎముక మజ్జ నుంచి పాలుమరవని పిల్ల కణాలు కూడా పరుగెత్తుకొస్తాయి, నాలుగో పాఠంలో చూసిన బ్యాండ్స్ అవే. నిలవాల్సినవి పోతున్నాయి, పోవాల్సినవి నిలుస్తున్నాయి.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రిచర్డ్ హాచ్‌కిస్ బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. 2011లో వాళ్ళు అచ్చు వేసిన పరిశోధనలో, ఐసీయూలో తీవ్రమైన సెప్సిస్‌తో చనిపోయిన 40 మంది ప్లీహం, ఊపిరితిత్తుల ముక్కలను మరణించిన కొద్ది గంటల్లోనే తీసి చూశారు. మిగిలిన ప్లీహ కణాలను రెచ్చగొడితే, సెప్సిస్ లేనివాళ్ళ కణాలు విడుదల చేసే సైటోకైన్లలో (కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు) అవి చాలావరకు పదో వంతు కూడా విడుదల చేయలేదు. అంటే ఉన్నవి తక్కువ, ఉన్నవాటిలో చేవ కూడా తక్కువ. రెండో వారంలో అసినెటోబాక్టర్, క్యాండిడా అనే ఫంగస్, లోపల నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్‌లు లేచి కూర్చోవడానికి ఇదొక దారి. నాలుగో రోజుకు కూడా లింఫోసైట్లు 600 దాటనివాళ్ళలో మరణాలు ఎక్కువని 2014లో మరో అధ్యయనం చూపింది. నేను నాలుగో రోజు అంకెనే ఎందుకు అడుగుతానో అర్థమైందనుకుంటాను.

అన్నట్టు, "సివియర్ సెప్సిస్" అనే మాటను 2016 నిర్వచనంలో తీసేశారు. అవయవాలు దెబ్బతింటేనే సెప్సిస్ అన్నాక "సివియర్" ఎందుకని. మా కేసు షీట్లలో ఇంకా ఉంది, ఉంటుంది.

లింఫోసైట్లు తగ్గడానికి సెప్సిస్ ఒక్కటే కారణం కాదు. హెచ్ఐవీ, పెద్ద ఆపరేషన్, దెబ్బలు, ముఖ్యంగా స్టెరాయిడ్. షాక్‌లో ఉన్నవాళ్ళకు హైడ్రోకార్టిసోన్ రోజుకు 200 మిల్లీగ్రాములు మొదలుపెట్టారంటే న్యూట్రోఫిల్స్ పైకి, లింఫోసైట్స్ కిందికి పోతాయి. ఆ ముక్క చీటీ మీద ఎవరూ రాసి పంపరు. ఫోన్ చేసి అడగండి. విసుక్కుంటారు, పడాలి.

ఇంకొకటి మన ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటిన పూట, ఊదా మూత ట్యూబు ఆటోలో మూడు గంటలు తిరిగి వస్తే న్యూట్రోఫిల్‌లో బుడగలు కనిపిస్తాయి. ఆ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏలో నిలవున్న రక్తంలో అవి వాటంతటవే వస్తాయి. మా దగ్గర చేరిన కొత్తలో అలాంటి స్లైడ్ చూసి "టాక్సిక్ మార్పులు" (తీవ్ర ఇన్ఫెక్షన్‌కు న్యూట్రోఫిల్‌లో కనిపించే గుర్తులు) అని రాసి, పై సార్‌తో అక్షింతలు వేయించుకున్నాను. అప్పటినుంచి రక్తం తీసిన టైము లేని ట్యూబు మీద బుడగల గురించి ఒక్క అక్షరం రాయను. అదే గుర్తుల్లోని టాక్సిక్ గ్రాన్యూల్స్ (ముదురు రేణువులు), డోలే బాడీస్ (లేత నీలి మచ్చలు) కనిపిస్తే మాత్రం రాస్తాను.

మోనోసైట్లు. ఆ రైతుకు రెండు రోజుల్లోనూ సంఖ్య 700కు పైనే ఉంది, 1,440, 720. బాగుందని మురవొద్దు. మోనోసైట్ పని, తిన్న సూక్ష్మజీవి ముక్కను హెచ్ఎల్ఏ–డీఆర్ అనే జెండా మీద పెట్టి టీ కణానికి చూపించడం. సెప్సిస్‌లో మనిషి నిలబడే ఉంటాడు, చేతిలో జెండా ఉండదు. ఆరోగ్యవంతుల్లో ఒక్కో మోనోసైట్ మీద ఈ జెండాలు సాధారణంగా 15,000కు పైన ఉంటాయి, 8,000 కిందికి పడితే రోగనిరోధక శక్తి బాగా అణగారినట్టు. అది కొలవాలంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపించి చూసే ఫ్లో సైటోమీటర్ కావాలి, మన మైక్రోస్కోప్‌కు కనపడదు. మిగతాది ఆరో పాఠంలో.

అభ్యాసం. ఈసారి కష్టపెడతాను. మీ ఐసీయూలో సెప్సిస్ ఉన్న ఒక బెడ్‌ను ఎంచుకోండి, డాక్టరు అనుమతితో, పేరు రాసుకోకుండా. వరసగా ఏడు రోజులు లింఫోసైట్ సంఖ్యను గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టండి. స్టెరాయిడ్ మొదలైన రోజు, ఆపరేషన్ రోజు, కల్చర్ పెరిగిన రోజు నిలువు గీతలు. నాలుగో రోజు స్లైడ్‌ను మీరొకసారి, మీ పక్కవాళ్ళొకసారి, ఒకరి అంకె ఒకరు చూడకుండా 200 చొప్పున లెక్కపెట్టండి. ఎంత తేడా వచ్చిందో దాచకుండా రాయండి.

తీరిక లేనివాళ్ళకు చిన్నది. మెషిన్ మొత్తం 18,000 అంది. స్లైడ్‌లో ప్రతి 100 తెల్లకణాలకు 20 కేంద్రకమున్న ఎర్రకణాలు కనిపించాయి, మెషిన్ వాటిని కూడా తెల్లకణాల్లోనే కలిపేసింది. లింఫోసైట్స్ చేత్తో 200కు 10. సంఖ్య ఎంత? 900 అని రాయబోయేవాళ్ళు మూడో పాఠం తిరగేయండి. అడుగడుగునా లెక్క చూపించాలి. ఉత్త అంకె పంపితే దిద్దను.