మోటారు గది గోడ మీద ఒక చిన్న మాయ

కాలనీ చివర మోటారు గది, ట్యాంకు కింద వాల్వుల గది, మలుపులో సబ్‌స్టేషన్ ప్రహరీ, వీటి వైపు ఎవరూ తల తిప్పి చూడరు. సిమెంటు రంగు గోడ, పైన టు-లెట్ కాగితాలు, కింద పాన్ మరకలు. బొమ్మ వేద్దామనగానే కమిటీలో అందరూ నెమలి అంటారు, లేకపోతే 'నీటిని పొదుపు చేయండి' అంటారు. వేసుకోవచ్చు, కానీ దారిన పోయేవాళ్లు ఆగాలంటే గోడ చిన్న అబద్ధం ఆడాలి.

ఒక్కటే ఆడాలి. ఎగిరే చేప, కరిగే గడియారం, కన్నున్న చందమామ అన్నీ ఒకే గోడకి ఎక్కిస్తే ఎగ్జిబిషన్ గేటులా తయారవుతుంది. గదికి ఉన్నవాటితోనే మొదలుపెట్టండి. గోడలోంచి పైపు బయటికొచ్చిందా, సన్నాయి ఊదుతున్న మనిషిని వేసి ఆ పైపే సన్నాయి చివర అనుకునేలా కలిపేయండి. పైన జాలీ కిటికీ ఉందా, దాన్ని రైలు పెట్టె కిటికీ చేసి పెట్టెని మబ్బుల్లో నడిపించండి. మనిషి, పెట్టె, మబ్బు మాత్రం అచ్చం నిజంలా ఉండాలి, నీడలన్నీ ఒకే వైపు పడాలి. జనం ఎక్కువగా తిరిగేది సాయంత్రమైతే ఆ వేళ ఆ గోడ మీద నిజం నీడలు ఎటు పడతాయో చూసుకుని బొమ్మలో కూడా అటే వేయండి. కంటిని సగం మోసం చేసేది అదే. గోడని ఎదురుగా ఫొటో తీసి, ప్రింటు మీద స్కెచ్ పెన్నుతో నాలుగైదు రకాలుగా గీసి చూసుకోండి.

గీసింది పట్టుకుని అనుమతికి వెళ్లండి. మోటారు గదికి పంచాయతీ లేదా మున్సిపాలిటీ, సబ్‌స్టేషన్‌కి కరెంటు ఆఫీసులో ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. నోటిమాటగా సరే అంటే సరిపోదు, కాగితం తీసుకోండి. రంగుల విషయంలో ఇంకో మాట: ఏ పార్టీ జెండా కలయికా కనిపించకుండా చూసుకోవాలి. ఆంధ్రాలో పంచాయతీ భవనాలకి వేసిన పార్టీ రంగులు తీసేయాల్సిందేనని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. దేవుడి బొమ్మ కూడా వద్దంటాను. గోడ పక్కన ఎవరూ నిలబడకుండా చాలామంది ఆ ఉపాయమే వాడతారు గానీ, రేపు పెచ్చులూడితే ఆ గోడని గోకడానికి ఎవరూ ముందుకు రారు.

సబ్‌స్టేషన్ అయితే ప్రహరీ బయటి వైపుతోనే ఆగండి. ట్రాన్స్‌ఫార్మర్‌నీ, స్తంభాన్నీ ముట్టుకోవద్దు, పైన తీగలు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌ని అడిగి లైన్ క్లియర్, అంటే ఆ తీగల్లో కరెంటు ఆపేశారన్న మాట, తీసుకోకుండా నిచ్చెన వేయొద్దు. అల్యూమినియం నిచ్చెన అసలే వద్దు. డేంజర్ బోర్డు, గోడ మీద రాసిన నంబర్లు చెరపొద్దు, అర్ధరాత్రి కరెంటు పోతే లైన్‌మన్ టార్చితో వెతికేది వాటినే. మెట్లు, తెరిచిన తలుపు లాంటి బొమ్మలు కూడా ఇక్కడ వద్దు, పిల్లలు నిజంగానే ఎక్కాలని చూస్తారు.

ఇక గోడ పని. బొమ్మ ఎన్నాళ్లు నిలుస్తుందో తేలేది ఇక్కడే. పాత సున్నం మీద రంగు వేస్తే మొదటి వానకే పొరలు పొరలుగా లేస్తుంది, అందుకే వైర్ బ్రష్‌తో గోకి, కడిగి, బాగా ఆరనివ్వాలి. తెల్లగా ఉప్పు పూస్తుంటే లోపల చెమ్మ ఉన్నట్టే. కారే పైపు బాగు చేయించకుండా ఏ ప్రైమరూ దాన్ని ఆపలేదు, మోటారు గదుల్లో ఇది మామూలే. కొత్త ప్లాస్టరింగ్ అయితే 28 రోజులు ఆగాలి. పగుళ్లకి బయటి గోడల లప్పం పెట్టి, ఎమ్రీ పేపర్‌తో రుద్ది, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడలు మూడు ఉంటే, బేస్ రంగు రెండు సార్లు పూయడానికి సుమారు 6 లీటర్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ పడుతుంది. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి మార్చి లోపు ముగించండి. మే ఎండలో కాలిన గోడ మీద రంగు బ్రష్ లాగుతుండగానే ఆరిపోతుంది, అంచులు కలవవు.

బొమ్మని పెద్దది చేయడానికి గళ్లు గీయాల్సిన పని లేదు. బేస్ ఆరాక గోడ నిండా సుద్దతో పిచ్చి గీతలు, అంకెలు, అక్షరాలు, సున్నాలు, ఏది తోస్తే అది గీయండి. దాన్ని ఫొటో తీసి, ఫోన్లో మీ స్కెచ్‌ని పల్చగా దాని మీద పరచండి. సన్నాయి మనిషి ముక్కు 'క' తలకట్టు పక్కన పడిందనుకోండి, గోడ మీద కూడా అక్కడే గీస్తారు. ప్రొజెక్టర్ అక్కర్లేదు, పట్టపగలే పనవుతుంది.

రంగులు వెనక నుంచి ముందుకి రావాలి, ముందు ఆకాశం, చివర కళ్లు. పడమటి గోడ మీద మెరిసే ఎరుపులు, పసుపులు తొందరగా వెలిసిపోతాయి, రెడ్ ఆక్సైడ్, మట్టి పసుపు లాంటివి ఎక్కువ కాలం ఆగుతాయి. వానకి బురద చిమ్మేది కిందే కాబట్టి నేల నుంచి రెండడుగుల మేర ముదురు రంగు ఉంచండి. చివర్లో మ్యాట్ క్లియర్ కోట్ వేస్తే పాన్ మరకలు కడిగితే పోతాయి. వెంటిలేటర్ జాలీలో మాత్రం రంగు గడ్డకట్టనివ్వకండి, లోపల మోటారుకి గాలి కావాలి.

మిగిలిన రంగుల్ని చిన్న డబ్బాల్లో పోసి, ఏది ఎక్కడ వేశారో మూత మీద రాసి మోటారు ఆపరేటర్ దగ్గర పెట్టండి. మొదటి ట్యూషన్ పోస్టర్ అంటించిన రోజే గోరువెచ్చని నీళ్లతో తడిపి తీసేసి, అక్కడ టచప్ చేయించండి, ఒకటి వదిలేస్తే వారంలో పది అవుతాయి.