మనుషుల అక్రమ రవాణా: ఆసుపత్రి, అంగన్‌వాడీ సిబ్బందికి ఒక్కరోజు శిక్షణ ఎలా నడపాలి

ఈ శిక్షణను చట్టం సెక్షన్ల ఉపన్యాసంతో మొదలుపెడితే పొద్దుటిపూట వృథా అయినట్టే. అవన్నీ విని వెళ్లిన స్టాఫ్ నర్సుకు మర్నాడు ఓపీలో ఏం చేయాలో తోచదు. అనుమానం వచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఆమెకు నేర్పాలి.

బ్యాచ్‌కు పాతిక మంది దాటకూడదు. గుంటూరులో పెట్టినా విజయవాడలో పెట్టినా క్యాజువాలిటీ, గైనిక్ నర్సులను, ఆశాలను, ఏఎన్‌ఎంలను, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజర్లను, హింసకు గురైన మహిళలకు సాయం చేసే వన్ స్టాప్ సెంటర్ కౌన్సెలర్లను కలిపే కూర్చోబెట్టండి. ముఖపరిచయం లేకపోతే రేపు అవసరానికి ఒకరికొకరు ఫోన్ చేసుకోరు. ఓపీ చీటీ రాసేవారిని, గేటు దగ్గర సెక్యూరిటీని మర్చిపోవద్దు. వచ్చినవాళ్లను అందరికంటే ముందు చూసేది వాళ్లే.

మొదటి గంటలో వలసకూ అక్రమ రవాణాకూ తేడా తెలియజెప్పాలి. మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు గుంటూరు పల్లెలకు ఏటా వస్తాయి. అది వలస. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదని కట్టడి చేస్తే అది వెట్టి, 1976 చట్టం ప్రకారం నేరం. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు తెచ్చిన కుటుంబాలకూ ఇదే కొలత. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం దోపిడీ కోసం బెదిరించో, మోసగించో, ఆశపెట్టో మనిషిని తరలిస్తే, బాధితురాలు ఒప్పుకుందన్న మాట చెల్లదు. పేదరికం, వేరే భాష, వృత్తి, ఇవేవీ వాటంతటవే లక్షణాలు కావు. వెంట వచ్చినవాడే అన్నిటికీ జవాబు చెప్పడం, ఆధార్, ఫోన్ అతని దగ్గరే ఉండడం, ఉంటున్న చోటు పేరు ఆమెకు తెలియకపోవడం, పాత గాయాల మీద కొత్త గాయాలు, ఇలాంటివి రెండు మూడు కలిస్తే ఆగి చూడాలి.

ఇక అసలు సాధన. ముగ్గురేసి జట్లుగా నర్సు, రోగి, వెంట వచ్చిన మనిషి పాత్రలు వేయించండి. ఏడు నిమిషాలు ఆట, అయిదు నిమిషాలు చర్చ, తర్వాత పాత్రలు మార్చాలి. ముందుగా విడదీయడం నేర్పాలి: "అన్నా, మీరు బయట కూర్చోండి, లోపల ఆడవాళ్లను పరీక్ష చేస్తున్నాం." గొంతులో అనుమానం వినపడితే అతను ఆమెను తీసుకుని వెళ్లిపోతాడు. అందుకే ఈ ఒక్క మాటను అందరిచేతా పైకి అనిపించండి. దుబాసీగా అతన్ని గానీ, కూలీలను తెచ్చిన మేస్త్రీ మనుషులను గానీ వాడకూడదు. ఒడియా, హిందీ, బెంగాలీ వచ్చినవాళ్ల నంబర్లు ముందే రాసిపెట్టుకోవాలి.

"నిన్ను అమ్మేశారా?" అని అడిగితే నోరు మూసుకుపోతుంది. "రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటావమ్మా? కూలి నీ చేతికే ఇస్తారా? పని మానేస్తానంటే ఏమంటారు? ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా?" ఇవి చాలు. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాటివ్వొద్దు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఆ సంగతి అడగడానికి ముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్లు దాటిన ఆమె సాయం వద్దంటే ఒత్తిడి చేయకుండా వైద్యం చేసి, మళ్లీ రావడానికి తేదీ ఇవ్వండి. హెల్ప్‌లైన్ కార్డు చేతిలో పెడితే వెంట ఉన్నవాడు సంచీ వెతుకుతాడు. అందుకే కార్డు బదులు మహిళా హెల్ప్‌లైన్ 181 అన్న మూడంకెలూ ఆమెకు నోటికి వచ్చేలా చెప్పించండి.

లైంగిక దాడి జరిగి ఉంటే ఎఫ్‌ఐఆర్ కోసం ఆగకూడదు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందే. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల లోపు, ఎంత త్వరగా అయితే అంత మేలు. రెండు వేళ్ల పరీక్ష చేయకూడదని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కేస్ షీట్‌లో ఆమె మాటలు ఆమె అన్నట్టే రాయాలి. అతని చేతికి వెళ్లే ఓపీ చీటీ మీద అనుమానం రాయకూడదు.

పిల్లలైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. "మేనమామను" అంటూ వచ్చినవాడి వెంట పంపకూడదు. వయసుకు బడి సర్టిఫికెట్ లేదా జనన ధ్రువపత్రమే ముందు, అవి లేకపోతేనే ఎముకల పరీక్ష.

ఆశాలకు విడిగా అరగంట కేటాయించండి. వాళ్లు ఉండేది మేస్త్రీ ఉన్న ఊళ్లోనే. బట్టీలోకి వెళ్లి ఎవరినీ విడిపించబోకూడదు, అక్కడ నిలబడి ఫోన్ చేయకూడదు. వెట్టి ఫిర్యాదు కలెక్టరుకో ఆర్డీవోకో చేరాలి. వెట్టి నుంచి విడిపించినట్టు ఇచ్చే విముక్తి పత్రం వచ్చేది అక్కడి నుంచే.

ముగించే ముందు అత్యవసర నంబర్ 112, 181, 1098, న్యాయసేవల 15100, మీ వన్ స్టాప్ సెంటర్ నంబర్ గోడ చార్టు మీద రాయించండి. సెంటర్‌కు హాల్లోనే స్పీకర్‌లో ఫోన్ చేసి చూడండి. పలకకపోతే ఆ నంబర్ కొట్టేసి, పలికేది రాయండి. నెల తర్వాత రెండు గంటలు మళ్లీ కూర్చోబెట్టినప్పుడు ఎన్ని కేసులు పట్టుకున్నారని అడగొద్దు. ఎంతమందితో ఒంటరిగా మాట్లాడగలిగారు, ఎక్కడ కుదరలేదు, గది లేకనా, దుబాసీ దొరకకనా అని అడగండి.