పద్యనాటక నటీమణి జీవితాన్ని అక్షరబద్ధం చేయడం ఎలా?

నలభై యాభై ఏళ్లు పద్యనాటకాలాడిన నటీమణి జీవితాన్ని రాసిపెట్టాలనుకునేవారు మొదటి రోజే “మీరు ఏ సంవత్సరంలో స్టేజీ ఎక్కారమ్మా?” అని అడిగి ఆమెను ఇబ్బంది పెడుతుంటారు. కాలం ఆమెకు వేషాలతో గుర్తుంటుంది కనుక, వేషాల వరుసనే పట్టుకుని అడగండి.

చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకంలో కొడుకు లోహితాస్యుడి వేషం వేసినామె పెద్దయ్యాక అదే నాటకంలో చంద్రమతి వేసి ఉండవచ్చు. అలాంటప్పుడు కాటి సీను దగ్గర తీరిగ్గా ఆగండి. కొడుకు శవంతో వచ్చిన చంద్రమతిని కాటికాపరిగా ఉన్న భర్తే సుంకం అడిగే ఆ ఘట్టంలో, పిల్లవాడి బరువు మోస్తూ పద్యం ఎలా ఎత్తుకునేవారో, ఊపిరి ఎక్కడ తీసుకునేవారో, హరిశ్చంద్రుడి శృతికి తామే సర్దుకునేవారో, హార్మోనిస్టు శృతి మార్చి ఇచ్చేవారో అడిగి తెలుసుకోండి. వీలైతే పద్యం పాడించి, చేతుల కదలిక కూడా కనిపించేలా వీడియో తీయండి. అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని ఆమెను దిద్దబోవద్దు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన హరిశ్చంద్ర నాటకంలో కవి జాషువా గారి శ్మశాన పద్యాలు నటుల గొంతుల మీదుగానే వచ్చి స్థిరపడ్డాయి. పాఠం పుస్తకంతో కలవకపోతే రెండూ రాసి ఉంచండి.

సంవత్సరాల పని ఆ తర్వాత, ట్రంకుపెట్టెలోని కరపత్రాలతో మొదలుపెట్టవచ్చు. సంవత్సరం అచ్చు వేయని కరపత్రం మీద “14-4, ఆదివారం రాత్రి” అని ఉందనుకోండి. 1960, 1980 మధ్య ఏప్రిల్ 14 ఆదివారం పడినవి 1963, 1968, 1974 మాత్రమే. అప్పటికి పెద్దమ్మాయి పుట్టిందా అని అడిగితే, మూడింట్లో ఒకటి తేలిపోతుంది.

ఆమె ఏ దారిన వచ్చారన్నది కూడా స్పష్టంగా రాయాలి. 1885లో మొదలైన సురభి వారి కుటుంబ నాటక సమాజాల్లో ఇంటి స్త్రీలే స్త్రీ పాత్రలు వేసేవారు. బయట మాత్రం స్థానం నరసింహారావు గారి (1902–1971) వంటి పురుషులు సత్యభామగా జేజేలందుకున్న కాలం చాలా ఏళ్లు నడిచింది. సురభిలో పుట్టినామెకు నాటకమంటే ఇల్లే. కాంట్రాక్టు నాటకాలకు ఒంటరిగా వెళ్లినామెకు బయానా, దారి ఖర్చులు, తెల్లవారుజామున బస్టాండులో పడిగాపులు, ఊళ్లో వాళ్ల మాటలు ఉంటాయి. ఈ సంగతులు (నా దృష్టిలో సన్మానాల జాబితా కంటే ఎంతో విలువైనవి) ఆమె చెప్పదలచుకున్నంతే తీసుకోండి. రికార్డింగు ఆపమంటే వెంటనే ఆపండి, రాయవద్దన్నది రాయకండి.

రాత పూర్తయ్యాక, అచ్చుకు పంపకముందే, మొత్తం ఆమెకు చదివి వినిపించండి. తోటి నటుల పేర్లు, ఊళ్ల పేర్లు వచ్చినప్పుడు నెమ్మదిగా చదివితే, తప్పు పడిన చోట ఆమే ఆపుతారు.