మడత చాకు కొనేముందు ఒక్క నిమిషం

చవకలో దొరికిందని మడత చాకు కొంటే కొన్నాళ్లకే బ్లేడు లొడలొడలాడుతుంది, పదునూ నిలవదు. చేతిలోకి తీసుకోగానే ఇలా చూసుకోండి.

బ్లేడు పూర్తిగా తెరిచి, మొండి వైపు రెండు వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకు కాస్త కదిలితే పర్వాలేదు, బ్లేడు తిరిగే చోట ఉన్న స్క్రూను పావు చుట్టు బిగిస్తే చాలావరకు పోతుంది. పైకీ కిందికీ కదిలితే మాత్రం లోపం లాక్‌లో (తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే భాగంలో) ఉన్నట్టే, స్క్రూ ఎంత బిగించినా లాభం లేదు, పక్కన పెట్టేయండి. లైనర్ లాక్ అయితే, అంటే పిడి లోపలి రేకు పక్కకు వచ్చి బ్లేడును ఆపే రకమైతే, ఆ రేకు బ్లేడు మొదలు మందంలో కనీసం పావు వంతు లోపలికి వచ్చి ఆనాలి. అంచున ఆగితే అది జారి బ్లేడు వేళ్ల మీద మూసుకోవచ్చు. మడిచినప్పుడు బ్లేడు పిడి లోపలి గోడలకు రాసుకోకూడదు.

బ్లేడు స్టీలు గ్రేడు, అంటే ఏ రకం స్టీలో కూడా చూడండి. ఉత్త 'స్టెయిన్‌లెస్' అని రాసి ఊరుకున్నది నేనైతే కొనను. డి2 అనే స్టీలు పదును బాగా నిలుపుతుంది గానీ తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. నీళ్లు, పళ్లరసాలు తగిలే పనికి 14సి28ఎన్ అనే స్టీలు మేలు.

ఆన్‌లైన్‌లో కొంటే ముందుగా ఇవేవీ చూడలేం, కాబట్టి రిటర్న్ సదుపాయం ఉంటేనే తీసుకోండి. బ్లేడు మీద చెక్కిన గ్రేడు నకిలీ అయితే ఈ పరీక్షలో తెలియదు.